నోరు మూసుకున్న పెట్టె

షోరూం గురించి మెకానిక్ నోరు తెరిస్తే చాలు, ఇంట్లో ఎవరి పని వాళ్ళకి గుర్తొస్తుంది. విని విని వాళ్ళ చెవులు కాయలు కాచాయి. అయినా అతను ఆపడు. పాతబడినంత మాత్రాన అన్యాయం న్యాయమైపోతుందా అని అడుగుతాడు. అడిగి, జవాబు కోసం చూడకుండా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు.

షోరూం అంటే బిల్డింగు కాదు, మనిషే. మెకానిక్‌కి స్వయానా తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. పెద్ద బజారులో అద్దాల తలుపులు పెట్టి సంగీత వాయిద్యాల షాపు తెరిచిన రోజు చుట్టాలు ఎగతాళిగా పెట్టిన పేరది. అతను దాన్ని బిరుదులాగా భుజాన వేసుకున్నాడు. గిటారు గొంతును గరగరలాడించే నారింజ రంగు పెడల్ ఉందే, ఊరంతా వాయించేవాళ్ళ కాళ్ళ దగ్గర కనిపిస్తుందే, దాన్ని రాత్రింబగళ్ళు కూర్చుని కట్టింది మెకానిక్. దాని మీద తన పేరు అచ్చేయించి అమ్ముకున్నది షోరూం. ఇద్దరూ ఒకే మామగారి దగ్గర, ఒకే రేడియో షాపు గదిలో, ఎదురెదురు స్టూళ్ళ మీద కూర్చుని పని నేర్చుకున్నవాళ్ళు. మామగారు పోయాక ఆ గదిలో అట్టపెట్టెలు పేర్చి తాళం వేసుకున్నదీ షోరూమే. మెకానిక్ మాత్రం ఇంటి మీద రేకుల గదిలో, ఎండకి ఉడుకుతూ వానకి తడుస్తూ జనాల ఆంప్లిఫయర్లు బాగుచేసుకుంటున్నాడు. రోడ్డు మీద గది ఉన్నవాడికి గిరాకీ నడిచొస్తుంది. మేడ మీద ఉన్నవాడు గిరాకీ కోసం మెట్లు దిగి వెతుక్కోవాలి. ఆ తేడా ఎనిమిదో తరగతితో బడి మానేసిన తనకి ఎవరూ లెక్కగట్టి చెప్పక్కర్లేదు.

ఆ గది సంగతి తేల్చేస్తానని అత్తగారు మాటిచ్చిన ఆదివారం ఇదే.

తేల్చే పద్ధతి కూడా ఆవిడే పెట్టింది. ఆ గదిలో ఆవిడ భర్త జీవితమంతా కొత్త వస్తువులు కట్టాడు తప్ప పాత అట్టపెట్టెలు దాచలేదు. ఈ కాలపు పని చేయగలిగిన అల్లుడికే గది తాళం ఇస్తానంది. డిజిటల్ పెడల్ చేయించాను, వందలకొద్దీ తయారై వచ్చింది అని షోరూం అన్నాడు. పెద్దల్లుడికి అది చేతకాదని కూడా ఒక చురక వేశాడు, పాత రేడియో వాల్వులాంటి మనిషి, వేడెక్కడమే తప్ప పనికిరాడని. మెకానిక్ అక్కడే, అందరి ముందే, తానూ ఒకటి కట్టి తెస్తానన్నాడు. అయితే ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ తెచ్చి నా హాల్లో వాయించి వినిపించండి, నా చెవులతో విని చెబుతాను అంది అత్తగారు. ఆవిడ చెవులకి మెకానిక్ కూడా భయపడతాడు.

కట్టాడు. కూతురు ప్రోగ్రామ్ రాసింది, తను సోల్డరింగ్ చేశాడు. పెట్టె బిగించి, కరెంటిచ్చి, కాలితో నొక్కాడు. నీలం దీపం ఠక్కున వెలిగింది. గిటారు తీగ మీటితే మాత్రం స్పీకరు నోరు మెదపలేదు.

అక్కడి నుంచి ఇప్పటిదాకా, అంటే ఈ ఆదివారం పొద్దెక్కేదాకా, తండ్రీకూతుళ్ళ మధ్య యుద్ధం నడుస్తోంది.

"నీ ప్రోగ్రామే అమ్మలూ. నా టంకాలు అద్దంలా మెరుస్తున్నాయి చూడు," అన్నాడు మెకానిక్, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ.

"మెరిసేవన్నీ కరెంటు మోస్తాయా నాన్నా," అంది కూతురు. ఆ పిల్ల మాట తీరు అచ్చంగా అమ్మమ్మది. గిటారు ఒళ్ళో పెట్టుకుని, బెంచీకి వీపు ఆనించి, ఒక్క తీగనే ఆగకుండా మీటుతోంది. ఆంప్లిఫయరులో వినిపించని తీగ చప్పుడు గదిలో ఈగలాగా తిరుగుతోంది.

మెకానిక్‌కి కోపం రాలేదు. నిజం చెప్పాలంటే అతనికి ఈ గంటలంటేనే ఇష్టం. లోకంలో తనని మోసం చేసినవి చాలా ఉన్నాయి, స్నేహితులు, చుట్టాలు, ఓట్లడిగినవాళ్ళు. సర్క్యూటు మాత్రం ఎప్పుడూ మోసం చేయలేదు. దానికి జబ్బుంటే జబ్బున్నచోటే ఉంటుంది, మనం వచ్చామని పక్కకి జరిగి కూర్చోదు. ఓపిగ్గా ఒక చివర నుంచి నడుచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట దొరికి తీరుతుంది. ఈ రోజూ దొరుకుతుంది. అందులో అతనికి అనుమానం లేదు.

మొదట ఫుట్‌స్విచ్ పైకి వదిలేశాడు. అలా వదిలితే పెట్టె మధ్యలో కలగజేసుకోదు, గిటారు తిన్నగా ఆంప్లిఫయరులోకి పోతుంది. కూతురు మీటింది. రేకులు అదిరేలా మోగింది. అంటే గిటారు, తీగలు, సాకెట్లు, ఆంప్లిఫయరు, ఎవరి తప్పూ లేదు. మళ్ళీ నొక్కాడు. నీలం దీపం వెలిగింది, చప్పుడు పోయింది. దొంగ పెట్టెలోనే ఉన్నాడు.

మూత విప్పి, పాత ట్రాన్సిస్టర్ స్పీకరుకి కట్టిన సూదిని చేతిలోకి తీసుకున్నాడు. ఆ సూది మామగారు నేర్పిన సాధనం. బోర్డు మీద ఎక్కడ ఆనిస్తే అక్కడి చప్పుడు ఆ స్పీకరులో వినిపిస్తుంది. గిటారు లోపలికొచ్చే చోట ఆనించాడు. వినిపించింది. దాన్ని కాస్త బలం చేసే చిన్న ఐసీ దగ్గర ఆనించాడు. ఇంకా గట్టిగా, శుభ్రంగా వినిపించింది. ఆ తర్వాత చప్పుడు అంకెలుగా మారిపోతుంది. అక్కడ సూదికి పని లేదు.

అక్కడి నుంచి కూతురు అందుకుంది. ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు చేసి, అంకెలు లోపలికి వస్తుంటే పచ్చదీపం ఊగేలా పెట్టింది. తీగ మెల్లగా మీటితే దీపం మసగ్గా వెలిగింది. గట్టిగా మీటితే భగ్గుమంది. చూశావా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. ప్రోగ్రామ్‌కి చెవులున్నాయి. వింటోంది.

"వింటే సరిపోతుందా. పలకాలి కదా," అన్నాడు తండ్రి, ఓడిపోవడం ఇష్టంలేక.

పలుకుతోందో లేదో చూడటానికి అతని దగ్గర పెద్ద పెద్ద యంత్రాలేమీ లేవు. మూలన దుమ్ము పట్టిన చేతి రేడియో ఉంది. దాన్ని తెచ్చి, ఏ స్టేషనూ లేనిచోట ముల్లు నిలిపి, బోర్డు పక్కన పడుకోబెట్టాడు. రేడియో ఒక్కసారిగా కీచుమంది. అంకెలు తీగల్లో పరిగెత్తేటప్పుడు గాల్లోకి చిమ్మే రొద అది. తప్పు ప్రోగ్రామ్‌ని నడిపే మెదడు చిప్పులో ఉంటే ఆ కీచు రాదు. కూతురు తీగ మీటింది. కీచులో ఒక గరగర కలిసి, తీగ చప్పుడుతో పాటే సన్నగిల్లింది. కూతురు గిటారు పక్కన పెట్టేసి రేడియో దగ్గరికి జరిగి కూర్చుంది. తను రాసింది చెవులతో వినడం ఆ పిల్లకి అదే మొదటిసారి.

"అది నేనేనా," అంది మెల్లగా.

నువ్వే అన్నాడు మెకానిక్. ప్రోగ్రామ్ తప్పు కాదని ఒప్పుకోవడానికి అంతకంటే పెద్ద మాట అతని దగ్గర లేదు. ఇక మిగిలింది ఒకటే చోటు. అంకెలను మళ్ళీ చప్పుడుగా మార్చి బయటికి పంపే నల్లటి ఐసీ, చిటికెన వేలి గోరంత ఉంటుంది. దానికి కరెంటు అందుతోంది, మీటరు పెట్టి చూశాడు. అంకెలూ అందుతున్నాయి, రేడియో చెప్పింది. చప్పుడు బయటికొచ్చే దాని లోహపు కాలి మీద సూది ఆనించాడు.

ఏమీ లేదు.

ఏమీ లేదంటే ఏమీ లేదు. గుంయ్‌మనే శబ్దం లేదు, బుస లేదు, చిటపట లేదు. మెకానిక్ సూది తీసి, మళ్ళీ పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఇన్నేళ్ళలో అతను చచ్చిపోయిన ఐసీలు ఎన్నో చూశాడు. అవి చచ్చాక కూడా ఏదో ఒకటి గొణుగుతాయి, మూలుగుతాయి, కనీసం బుసకొడతాయి. ఇది అలా లేదు. చచ్చినవాడి మౌనం వేరు, పంతం పట్టి నోరు మూసుకున్నవాడి మౌనం వేరు. పెళ్ళయి పాతికేళ్ళయిన మనిషికి ఆ తేడా తెలియకుండా ఉంటుందా.

"ఇది చావలేదు అమ్మలూ," అన్నాడు. "ఎవరో దీన్ని మాట్లాడొద్దన్నారు."

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బరువైన అడుగులు, అలవాటు లేని అడుగులు. ప్రతి మెట్టు మీదా ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాయి. గుమ్మంలో షోరూం కనబడ్డాడు.

ఆ రేకుల గది కట్టిన నాటి నుంచి అతను ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. చేతిలో పళ్ళ సంచి. బూట్లు కిందే విడిచి వచ్చినట్టున్నాడు, మేజోళ్ళతో సిమెంటు నేల మీద నిలబడ్డాడు. ఆ వేషం చూసి కూతురికి నవ్వొచ్చి, గిటారు వెనక మొహం దాచుకుంది.

షోరూం చాలా మర్యాదగా ఉన్నాడు. అదే మెకానిక్‌కి నచ్చలేదు. అన్నయ్యా అని పిలిచాడు, ఆరోగ్యం అడిగాడు, పిల్ల చదువు అడిగాడు, గదికి గాలి బాగా వస్తోందని మెచ్చుకున్నాడు. గాలి బయటే ఆగిపోయి చాలాసేపయింది. మెకానిక్ భార్య టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, ఇద్దరినీ ఒక చూపు చూసి, గొడవ పడితే మీ ఇష్టం అన్నట్టు దిగిపోయింది. ఆవిడకి అవతల చెల్లెలి కాపురం, ఇవతల తన కాపురం. ఎటు మాట్లాడినా తిప్పలే.

"ఇంకా పలకలేదట కదా అన్నయ్యా. వదిన చెప్పింది," అన్నాడు షోరూం, పాత స్పీకరు పెట్టె మీద కూర్చుంటూ.

మధ్యాహ్నానికి పలుకుతుందిలే అన్నాడు మెకానిక్. సూది కింద పెట్టలేదు.

షోరూం తల ఊపాడు. టీ ఊదుకున్నాడు. బోర్డు వైపు చూడనట్టు చూశాడు. దీపమైతే వెలుగుతోందా అని అడిగాడు. స్విచ్ వదిలేస్తే గిటారు మామూలుగానే వస్తోందా అన్నాడు. అవునంటే, అదే కదా, అదే కదా అనుకుంటూ గ్లాసు నేల మీద పెట్టాడు. ఆ తర్వాత, తనలో తను అనుకున్నట్టు మెల్లగా అన్నాడు. "చిన్న బుస కూడా రాదు. అదే చిత్రం."

మెకానిక్ సూది బెంచీ మీద పెట్టాడు.

బోర్డు పలకడం లేదని భార్యకి తెలుసు. పలకకపోవడంలో బుస కూడా లేదన్న సంగతి అతనికి, కూతురికి తప్ప మూడో మనిషికి తెలియదు. అదీ ఇందాక, టీ రాకముందు తెలిసింది.

"బుస లేదని నీకెవరు చెప్పారు తమ్ముడూ," అన్నాడు.

షోరూం నీళ్ళు నమిలాడు. ఊరికే అన్నానన్నాడు. డిజిటల్ అంటే అంతే కదా, మామూలుగా అలాగే ఉంటుందని విన్నానన్నాడు. జేబు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, నుదురు తుడుచుకున్నాడు, చేతులు కూడా తుడుచుకున్నాడు. అబద్ధం ఆడేటప్పుడు ఈ మనిషి చేతులు తుడుచుకుంటాడని మెకానిక్‌కి మామగారి గదిలో కూర్చున్న రోజుల నుంచీ తెలుసు. అప్పట్లో టంకం కడ్డీ విరగ్గొట్టి ఎలక పడేసిందని చెప్పినప్పుడు కూడా ఇలాగే తుడుచుకున్నాడు.

"నీవీ పలకడం లేదు," అన్నాడు మెకానిక్. అది ప్రశ్న కాదు.

కూతురి వేలు తీగ మీదే ఆగిపోయింది.

చివరికి షోరూం తల దించుకున్నాడు. ఒక్కటి కూడా అన్నాడు. ఒక్కటంటే ఒక్కటి కూడా పలకలేదు అన్నయ్యా, అన్నిటికీ దీపం వెలుగుతుంది, అన్నీ మూగవే. ఆ మాట గొంతు దాటాక మిగతాదంతా వరదలా వచ్చేసింది. ప్రోగ్రామ్ రాసిన కుర్రాణ్ణి తప్పు నీదేనని నలుగురిలో దులిపేశాడట. ఆ కుర్రాడు మాటపడటం ఇష్టంలేక వెళ్ళిపోయాడట. వచ్చిన రెండోవాడు ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదని చెప్పి, ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాడట. బోర్డు మీద ఏ కాలు దేనికి కలవాలో చూపే గీత మాత్రం ఎవరికీ ఇవ్వలేదట, తనే స్వయంగా గీశాడట, ఎంతైనా మామగారి శిష్యుణ్ణి కదా అన్నాడు. ఆ చివరి మాటలో పాత గర్వం కాస్త తొంగిచూసింది.

ఇంకెవరైనా అయితే అక్కడే పకపకా నవ్వి ఇన్నాళ్ళ కసి తీర్చుకునేవాళ్ళు. మెకానిక్ నవ్వబోయాడు కూడా. నోటిదాకా వచ్చిన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే బుర్రలో ఏదో కదిలింది.

రెండు పెడళ్ళు. ఒకదాని ప్రోగ్రామ్ తన కూతురు రాసింది, రెండోదాని ప్రోగ్రామ్ ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడు రాశాడు. ఒకటి తన బెంచీ మీద పుట్టింది, రెండోది ఫ్యాక్టరీలో పుట్టింది. అయినా రెంటికీ ఒకటే రోగం. దీపం ఉంది, బుస లేదు. అంటే రోగం ప్రోగ్రామ్‌లో లేదు. చెయ్యి జారి పడిన టంకంలోనూ లేదు, చెయ్యి అన్నిసార్లూ ఒకేలా జారదు. మరి రెంటిలోనూ ఒకేలా ఉన్నదేమిటి. ఒకటి, ఆ నల్లటి ఐసీ. బజారులో తేలిగ్గా దొరికేది అదే కాబట్టి ఇద్దరూ అదే వాడి ఉంటారు. రెండోది, తమ ఇద్దరి చేతులు. ఒకే గదిలో, ఒకే మనిషి దగ్గర, ఒకే తిట్లు తిని తయారైన చేతులు.

ఆ చేతులు ఆలోచించకుండా చేసే పనేమిటి.

మామగారి గొంతు చెవిలో వినిపించినట్టయింది. ఐసీకి పని లేని కాలు ఏదైనా మిగిలిపోతే దాన్ని గాల్లో వదలకూడదని ఆయన పట్టుదల. గాల్లో వదిలిన కాలు ఊరి రొదంతా పీల్చి గుంయ్‌మంటుంది, కాబట్టి ఎర్త్‌కి కట్టెయ్యాలి. మర్చిపోయిన రోజున చెవి మెలిపెట్టేవాడు. పాత రేడియోలకి, పాత ఆంప్లిఫయర్లకి అది దేవుడి మాటలాంటిది. అందుకే ఇద్దరూ ఇప్పటికీ ఖాళీ కాలు కనబడితే చాలు, కళ్ళు మూసుకుని ఎర్త్‌కి కట్టేస్తారు. ఈ పెట్టె కట్టిన రాత్రి మెకానిక్ సరిగ్గా అదే చేశాడు. ఐసీకి ఒక పక్కన ఒక కాలు మిగిలిపోతే, చిన్న రాగి తీగ ముక్కతో ఎర్త్‌కి అంటించేశాడు. అది ఖాళీ కాలా కాదా అని అతను అడగలేదు. చెయ్యి అడగనివ్వలేదు.

ఆ మాట కూతురు అడిగినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ కాలికేదో పని ఉన్నట్టుంది నాన్నా, చూసి కడదాం అంది. నాకు చెబుతున్నావా అన్నాడు తను.

మొహంలో ఏమీ కనబడకుండా టీ గ్లాసు ఎత్తాడు. చల్లారిపోయింది. అయినా తాగాడు. ఆ తర్వాత చాలా మామూలుగా, నీ పెడల్ ఒకటి చూడనిస్తావా అని తోడల్లుణ్ణి అడిగాడు. కార్లో ఉందన్నాడు షోరూం, లేచి నిలబడి, ఆశగా. తెచ్చేస్తానన్నాడు. మేజోళ్ళతోనే మెట్లు దిగాడు, ఎక్కినప్పటి ఆయాసం దిగేటప్పుడు లేదు.

అడుగులు కింది మెట్టు దాటేదాకా మెకానిక్ కదల్లేదు.

"ఆ మిగిలిన కాలు సంగతి చూడు అమ్మలూ. తొందరగా."

కూతురు అప్పటికే ఫోనులో చూస్తోంది. ఆ పిల్లకి చెప్పక్కర్లేకపోయింది. బుస లేదన్న దగ్గరే తనకీ అదే అనుమానం వచ్చింది, బాబాయ్ ముందు అనకూడదని ఊరుకుంది. చదివి తలెత్తింది. "కింద ఎర్త్‌కి కడితే నోరు మూసుకుంటుంది. పైన కరెంటుకి కడితే మాట్లాడుతుంది. దాని పనే అది నాన్నా."

ఇంకేదైనా అంటుందేమోనని చూశాడు మెకానిక్. అనలేదు. అననందుకు ఆ పిల్ల మీద అతనికి కలిగిన గౌరవం ఏ డిగ్రీ కాగితం మీదా కలగలేదు.

కట్టరు తీసుకుని ఆ రాగి ముక్కని పుటుక్కున తెంపేశాడు. అదే కాలిని ఒక రెసిస్టర్ గుండా సప్లైకి కలిపాడు. టంకం కరిగి, పొగ లేచి, చల్లబడింది. అంత చిన్న పనికి ఇన్నాళ్ళ యుద్ధం. నువ్వు మీటు అన్నట్టు కూతురి వైపు చూసి, తనే కాలితో స్విచ్ నొక్కాడు.

మొదట బుస వచ్చింది. చిన్నగా, బతికున్న మనిషి ఊపిరిలా వచ్చింది. ఆ తర్వాత కూతురు తీగ మీటింది.

ఆ చప్పుడు స్పీకరు నుంచి వచ్చి రేకులకి తగిలి, అక్కడ ఆగకుండా ఇంకెక్కడికో పోయి, ఒక పెద్ద ఖాళీ గోదాములో ఎవరో పిలిస్తే దూరం నుంచి బదులు వచ్చినట్టు తిరిగి వచ్చింది. ఆ రాగం మీద ఇంకో రాగం పడింది. ఉడుకుతున్న ఆ ఇరుకు గదికి ఎక్కడ లేని వెడల్పు వచ్చింది. కింద భార్య ఏదో గిన్నె వదిలేసిన చప్పుడైంది. కూతురు కళ్ళు తుడుచుకుని, దుమ్మని సాకు చెప్పి, వాయిస్తూనే ఉంది. మెకానిక్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, వస్తుందని నాకు ముందే తెలుసన్నట్టు మొహం పెట్టాడు. ఆ మొహం పెట్టే హక్కు ఈ రోజు అతనికుంది.

గది తనదే. ఆ మాట లోపల ఎవరో గట్టిగా అన్నారు. మధ్యాహ్నం అత్తగారి హాల్లో ఒక పెట్టె పలుకుతుంది, ఒక పెట్టె పలకదు. చెవులున్న ఏ మనిషైనా తీర్పు చెప్పగలదు.

గుమ్మంలో షోరూం నిలబడి ఉన్నాడు.

ఎప్పుడొచ్చాడో తెలియదు. తన పెడల్‌ని రెండు చేతుల్తో గుండెలకి హత్తుకుని, గది గోడలు పట్టనంతగా నిండిన ఆ చప్పుడు మధ్య అలాగే ఉండిపోయాడు. మెకానిక్ వెంటనే బోర్డు మీద అరచెయ్యి పెట్టాడు. తెంపిన చోటు ఆ చేతి కిందికి వెళ్ళిపోయింది. ఎంత చూసినా షోరూం కళ్ళకి దొరికింది బొటనవేలి గోరు మాత్రమే.

కూతురు వాయించడం ఆపింది.

"ఏం చేశావన్నయ్యా," అన్నాడు షోరూం.

మెకానిక్ తొందరపడలేదు. ఇన్నేళ్ళుగా లోపల కట్టిపెట్టుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాడు, అరవకుండా, బిల్లు చదివినట్టు. మధ్యాహ్నం అత్తగారి ముందు, చుట్టాల ముందు, నారింజ పెడల్ ఎవరు కట్టారో నీ నోటితోనే చెప్పాలన్నాడు. అక్కడే గది తాళం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాలన్నాడు. ఈ రెండూ చేస్తే నీ పెట్టెల మూగతనం పావుగంటలో పోయే కిటుకు చెబుతాను, లేకపోతే నీ వందల పెట్టెలతో నువ్వు గోడ కట్టుకో అన్నాడు. చెప్పి, కుర్చీలో వెనక్కి వాలాడు. జీవితంలో మొదటిసారి ఆ కుర్చీ అతనికి మెత్తగా అనిపించింది.

షోరూం వాదిస్తాడనుకున్నాడు. బేరమాడతాడనుకున్నాడు. అతను ఏదీ చేయలేదు. మొదటిదానికి సరేనన్నాడు, అంత తేలిగ్గా అన్నాడని మెకానిక్‌కి కాస్త చిరాకు కూడా కలిగింది. నారింజ పెడల్ నీదేనని మైకు పట్టుకుని చెబుతానన్నాడు. తాళం కూడా ఇస్తానన్నాడు. ఆగాడు. పెడల్‌ని బెంచీ చివర పెట్టి, చేతులు ఖాళీ చేసుకుని అలాగే వదిలేశాడు. తుడుచుకోలేదు.

"తాళం ఇస్తాను. గది మాత్రం నా దగ్గర లేదు."

మెకానిక్‌కి అర్థం కాలేదు.

షోరూం నేల వైపు చూస్తూ చెప్పుకుంటూ పోయాడు. పెట్టెలు చేసిచ్చిన ఫ్యాక్టరీవాడు ఊరికే చేసివ్వలేదు. ఏదో ఒకటి రాసిమ్మన్నాడు. షోరూం బిల్డింగు అద్దెది. ఇల్లు భార్య పేరున ఉంది. చేతిలో ఉన్నది ఆ గది ఒక్కటే. సరుకు పలికి షాపుల్లోకి వెళితే గది వెనక్కొస్తుంది, పలకకపోతే రేపు పొద్దున ఫ్యాక్టరీవాడు వచ్చి తన తాళం వేసుకుంటాడు. అత్తగారికి ఇదేమీ తెలియదు. ఆవిడ ఇవ్వబోతున్న గది ఆవిడ చేతిలో లేదు.

"అది నీదెలా అయింది. అత్తయ్యగారిది కదా," అన్నాడు మెకానిక్. గొంతులో ఇందాకటి బిల్లు చదివే నెమ్మది లేదు.

షోరూం తలెత్తాడు. అతని కళ్ళలో ఎగతాళి ఏమీ లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

"మామయ్యగారు పోయాక లైసెన్సు పనికని నా పేరున రాయించారు. మర్చిపోయావా అన్నయ్యా. సాక్షి సంతకం నువ్వే పెట్టావు."

కింది నుంచి భార్య పిలుస్తోంది. అమ్మ ఫోను చేసిందట, మధ్యాహ్నం దాకా ఆగలేను, ఇప్పుడే బయల్దేరి వస్తున్నానందట, రెండు పెట్టెలూ సిద్ధంగా ఉంచమందట. కూతురు తండ్రి వైపు చూసింది. షోరూం కూడా చూశాడు. అందరూ అతని చేతినే చూస్తున్నారు.

ఆ చెయ్యి బోర్డు మీద నుంచి తీస్తే తోడల్లుడి పెట్టెలు లేచి కూర్చుని, ఊరంతా అతని పేరు చెబుతూ పాడతాయి. తీయకపోతే అత్తగారి ముందు గెలుపు తనదే. గెలిచి తెచ్చుకోవడానికి మాత్రం రేపటి నుంచి ఆ గది ఉండదు. ఎనిమిదడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు, రోడ్డు వైపు తెరుచుకునే ఒక తలుపు. తన సంతకంతో, తన చేత్తో, తెలియకుండా పోగొట్టుకున్నది అంత మేర.